ట్రాక్టరు గదిలో దూడ: చలికి కుంపటి మందు కాదు



మార్గశిరము వచ్చినది మొదలు రెంజల్ ప్రాంతమున నన్ను కలిసిన రైతులలో చాలామంది ఒకే ప్రశ్న వేయుచుందురు: తక్కువ ఖర్చుతో షెడ్డు వెచ్చగా ఉంచుట ఎట్లు? తక్కువ ఖర్చు అనగానే ఎవరికైనను తోచునది కుంపటియే. ఇంట బొగ్గులుండును, పాత ఇనుప తట్ట ఒకటి ఉండును, అంతకు మించి కావలసినది లేదు. నేను మాత్రము నిప్పు పెట్టవద్దనియే చెప్పుచున్నాను. ఈ జవాబు పలువురకు రుచించుట లేదని నాకు తెలియును. ఎందుకట్లు చెప్పుచున్నానో ఇక్కడ వివరింతును. ఒప్పుకొనని వారు తమ దూడల వద్దనే పరీక్షించి చూడవచ్చును.

మన మండలమునకు చలి కొత్త కాదు. కందకుర్తి వద్ద మంజీర గోదావరిలో కలియు చోట డిసెంబరు, జనవరి నెలల తెల్లవారుజామున పొగమంచు పొలములపై నిలిచి యుండును. ఉష్ణము 10 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గరకు దిగు రాత్రులు వచ్చుచునే యుండును, కొన్ని రాత్రులు ఇంకను తగ్గును. కొత్తగా వచ్చినది చలి కాదు, ట్రాక్టరు గది. మన పెద్దల కాలమున ఎడ్లకు, బర్రెలకు గడ్డి కప్పిన కొట్టముండెడిది. గోడ ఉన్నచో మట్టిగోడ, లేనిచో కందికట్టె తడక. ఇప్పుడు ఎడ్లు పోయినవి, ట్రాక్టరు వచ్చినది. దానికొరకు సిమెంటు గచ్చు వేసి, ఇటుకగోడలు లేపి, పైన ఇనుపరేకులు పరచి, ముందర షట్టరు బిగించిన గది వచ్చినది. చలికాలమున కొత్తగా ఈనిన బర్రె దుడ్డెను, ఆవు లేగను తెచ్చి ఆ గదిలో ట్రాక్టరు పక్కన కట్టివేయుచున్నాము. గోడలున్నవి, తలుపున్నది, కాబట్టి వెచ్చగా ఉండునని మన తలంపు. తలంపు మంచిదే, కాని గది మంచిది కాదు.

ఏలయనగా మేఘము లేని రాత్రి ఇనుపరేకు తన వేడిని ఆకాశమునకు విడిచి, చుట్టునున్న గాలి కన్న ఎక్కువగా చల్లబడును. దూడల ఊపిరితో లేచిన ఆవిరి ఆ రేకుకు తగిలి నీరై తెల్లవారుజామున చుక్కలు చుక్కలుగా వాటి వీపులపై పడును. గడ్డికప్పులో ఈ రెండు దోషములును లేవు. కింద సిమెంటు గచ్చు సంగతి అంతకన్న చెడ్డది. పండుకొన్న దూడ పొట్టనుండి వేడిని గచ్చు రాత్రంతయు లాగుకొనుచునే యుండును. ఇక షట్టరు సంగతి తరువాత చెప్పెదను.

మూడు సంవత్సరముల క్రిందట ఈ తప్పు నేనే చేసితిని. పుష్యమాసమున మా బర్రె ఈనినది. పది దినముల దుడ్డె. చలికి వణకుచున్నదని రాత్రి భోజనమైన తరువాత ఇనుప తట్టలో బొగ్గులు రాజవేసి, పొగ తగ్గి నిప్పులు ఎర్రబడువరకు బయట ఉంచి, తరువాత గదిలో పెట్టి షట్టరు దించితిని. పొగ లేదు గనుక భయము లేదనుకొంటిని. అక్కడనే మంచము మీద కూర్చుండి ఒక గంట లెక్కలు వ్రాసికొంటిని. తల బరువెక్కినది, కడుపులో తిప్పినది. భోజనము పడలేదేమో యనుకొని బయటకు వచ్చితిని. చల్లగాలి తగులగానే కాళ్లు తేలిపోయినవి. అప్పుడు గాని నాకు అనుమానము రాలేదు. షట్టరు పూర్తిగా ఎత్తి చూడగా దుడ్డె మెడ వాల్చి పడియున్నది. ఇద్దరము పట్టి బయటకు ఈడ్చితిమి. అర్ధరాత్రి దాటిన తరువాత తల ఎత్తినది, తెల్లవారి లేచి నిలుచున్నది. ఆ మంచము మీదనే నేను నిద్రపోయియున్నచో ఈ వ్యాసము వ్రాయుటకు ఉండెడివాడను కాను.

మరునాడు పక్కింటి పెద్దమ్మ చూడవచ్చినది. ఆమె చదువుకొన్నది కాదు, జన్మంతా బర్రెలను సాకినది. దుడ్డెను నిమిరి చూచి, "దీనికి అగ్గి ఎందుకు బిడ్డా, కింద గడ్డి ఏది?" అని అడిగినది. "గచ్చు కడుగుట సులువని గడ్డి వేయలేదు పెద్దమ్మా" అంటిని. "కడుగుట నీకు సులువు, పండుట దానికి సులువా?" అన్నది. నేను ఇక్కడ వ్రాయుచున్న దంతయు ఆ ప్రశ్నకు వివరణయే యనవచ్చును.

బొగ్గు గాలి చాలక కాలునప్పుడు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములో ప్రాణవాయువును మోయు పదార్థమును ఇది ప్రాణవాయువు కన్న 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. ఇక ప్రాణవాయువుకు చోటుండదు. ఊపిరి ఆడుచునే యుండును, మనిషి లోలోపల ఊపిరాడనివాడై నిద్రలోనే పోవును. పొగ కన్నును మండించి మనలను లేపును. ఎర్రని నిప్పు లేపదు. కాబట్టి పొగ తగ్గిన తరువాత కుంపటిని లోపల పెట్టుట జాగ్రత్త యనుకొనుట తలక్రిందుల జాగ్రత్త. ఉత్తరదేశమున ప్రతి చలికాలమును మూసిన గదులలో కుంపటి పెట్టుకొని పడుకొన్న కుటుంబముల వార్తలు వచ్చుచునే యున్నవి. ట్రాక్టరు గదిలో దీనికి తోడు డీజిలు డబ్బా, బ్యాటరీ, పక్కన ఎండుగడ్డి. ఒక్క నిప్పురవ్వ చాలును. గదిలో దూడ ఉండగా ఇంజను ఆడించుట కూడ ఇటువంటిదే. ముందు దూడను విప్పి బయటకు తోలి, షట్టరు పూర్తిగా ఎత్తి, తరువాత బండిని కదల్పవలెను.

"మా తాతలు కొట్టములో రోజూ పిడకల పొగ వేసినారు, ఏ దూడయు చావలేదు" అని కొందరు వాదింతురు. నిజమే. ఆ కొట్టమునకు గడ్డికప్పు సందులుండెను, తడక సందులుండెను, ముందర తలుపే లేదు. ఆ పొగయు వేడి కొరకు కాదు, దోమలకు, ఈగలకు. కొట్టము మారినప్పుడు అలవాటు కూడ మారవలెను.

సరే, నిప్పు లేనిచో వేడి ఎక్కడినుండి వచ్చును? పశువు నుండియే. 400 కిలోల పాడిబర్రె దేహము ఎల్లప్పుడును సుమారు 500 వాట్ల వేడిని వెలువరించుచుండును. రాత్రి 12 గంటల వేడిని లెక్కకట్టినచో, ముప్పాతిక కిలో బొగ్గు పూర్తిగా కాలినప్పుడు వచ్చు వేడికి సమానము. ఇందుకు పొగ లేదు, విషము లేదు, వేరుగా ఖర్చు లేదు. చిన్న దూడ దేహము నుండి వచ్చు వేడి పాతకాలపు 75 వాట్ల బల్బు వంటిది. ఆ వేడి దాని చుట్టు నిలిచినచో దానికి చాలును. మనము చేయవలసినదల్లా ఆ వేడిని గచ్చు, గాలి, తడి దోచుకొనకుండ చూచుటయే. కుంపటి అంతటి పని చేయజాలదు. పన్నెండు అడుగుల ఎత్తు గదిలో దాని వేడి గాలి నేరుగా పైకి పోయి రేకులకు తగిలి చల్లబడును. కింద పండుకొన్న దూడకు అందునది బహు స్వల్పము.

పుట్టిన మూడు వారముల లోపు దూడకు 15 డిగ్రీల కన్న చలి పెరిగినచో తిన్న పాలలో కొంత ఒంటిని వెచ్చగా ఉంచుకొనుటకే ఖర్చగును, పెరుగుదలకు మిగులదు. నెల దాటిన దూడ పొడిగా, గాలి తగులకుండ ఉన్నచో 5 డిగ్రీల వరకు ఓర్చుకొనగలదు. తడిసినచో ఈ లెక్కలేవియు పనికిరావు. బర్రె దుడ్డెలు ఆవు లేగల కన్న చలికి త్వరగా లొంగును గనుక వాటి విషయమున ఇంకను మెలకువ కావలెను. పెద్ద పశువులకు మన ప్రాంతపు చలి అపాయము కాదు. గది వెచ్చదనము కొరకు పెట్టు శ్రమ యంతయు దూడ పండుకొను ఆరడుగుల స్థలము మీద పెట్టినచో చాలును. గది మొత్తము వెచ్చబరచ నక్కరలేదు.

మొదట పడక. గచ్చు మీద వరిఊక నాలుగు వ్రేళ్ల మందము పోయవలెను. ఇది మూత్రమును కిందికి దించును. దానిపై ఎండు వరిగడ్డి దండిగా పరచవలెను. ఎంత అని అడుగుదురు. దూడ పండుకొన్నప్పుడు దాని కాళ్లు గడ్డిలో మునిగి కనబడకుండ ఉండవలెను. కాళ్లు కనబడుచున్నచో గడ్డి చాలలేదన్న మాట. చెరకుఆకు దండిగా ఉన్నవారు దానిని కత్తిరించి ఊకపైన అడుగు పొరగా వాడవచ్చును. పైపొరగా వద్దు, దాని అంచులు కోసుకొనును. సోయా పొట్టు మేతకు పనికివచ్చును గనుక పడకకు వేయుట దండుగ. ప్రతి సాయంకాలము మోకాలు ఆనించి ఆ గడ్డిపై ఇరవై లెక్కించునంతసేపు కూర్చుండుడు. పంచె తడిసినచో దూడ ఒళ్లు కూడ తడియుచున్నదని గ్రహించి తడిసిన మేరకు తీసి కొత్త గడ్డి వేయవలెను. తీసిన గడ్డి పెంటకుప్పకు పోవును, పొలమునకు తిరిగి వచ్చును. నష్టమేమియు లేదు.

తరువాత గాలి. ఇక్కడ షట్టరు సంగతి చెప్పవలెను. గాలి ఆడుటకని మనము షట్టరును ఒక అడుగు ఎత్తి వదలుదుము. షట్టరు కిందినుండియే కదా లేచును! కనుక ఆ చల్లగాలి సరిగా దూడ పండుకొన్న ఎత్తున దాని పొట్టకు కొట్టును. గాలి పోవలసినది పైన, మనము తెరచుచున్నది కింద. పూర్తిగా దించినచో మూత్రపు ఘాటు లోపల నిలిచి దూడల ఊపిరితిత్తులను చెరచును. చలికాలమున దూడలకు వచ్చు నిమ్ము వ్యాధికి చలి యొక్కటే కారణము కాదు, ఈ ఘాటు కూడ కారణము. కాబట్టి మేస్త్రీని పిలిచి రేకుల కింద ఎదురెదురు గోడలలో నాలుగు నాలుగు ఇటుకలు తీయించుడు. ఒక పూట కూలి. ఆ కంతలు పక్షులు రాకుండ జాలితో మూయవచ్చును గాని గోనెతో మూయరాదు. షట్టరు పూర్తిగా దించి, దాని అడుగు సందునకు ఊక నింపిన సంచులు వరుసగా పేర్చుడు. గాలి సరిగా ఆడుచున్నదో లేదో తెలిసికొనుటకు నిలుచుండి వాసన చూచిన లాభము లేదు. దూడ పక్కన దాని ఎత్తున కూర్చుండి చూడవలెను. కన్ను మండినచో ఇంకొక రెండు ఇటుకలు తీయించుడు.

గది లేక తెరపి కొట్టము ఉన్నవారికి పని ఇంకను సులువు. చలికాలపు గాలి మనకు ఎక్కువగా ఉత్తరము, తూర్పు దిక్కుల నుండి వచ్చును. ఆ రెండు వైపుల నాలుగైదు అడుగుల ఎత్తు కందికట్టె తడకలు కట్టి పేడతో అలికినచో చాలును. ఖాళీ యూరియా సంచులు కుట్టి కట్టినను గాలి ఆగును. దక్షిణము మాత్రము మూయవద్దు. డిసెంబరు 22 ప్రాంతమున మన రెంజల్‌లో మధ్యాహ్న సూర్యుడు దక్షిణాన సుమారు 48 డిగ్రీల ఎత్తునకే వచ్చును, అనగా సగము ఆకాశము మాత్రమే ఎక్కును. దక్షిణము తెరచియున్నచో ఆ ఎండ కొట్టము లోపలికి వచ్చి పడకను ఆరబెట్టును. వేసవిలో సూర్యుడు నడినెత్తిన ఉండును గనుక అదే వైపు నీడ నిలుచును. ఇంతకన్న చవకయైన వేడి మరొకటి లేదు.

గదిలో ఒక మూల వెదురు బద్దలతో నాలుగడుగుల ఎత్తున చిన్న పందిరి వేసి పైన గోనెలు కప్పినచో దూడకు గూడు వంటిదగును. రేకుల నీరు వీపున పడదు, ఒంటి వేడి అక్కడనే నిలుచును. విద్యుత్తు తీగ ఆ పందిరి దగ్గరకు రానీయరాదు. దూడ వీపునకు కప్పుటకు జనపనార గోనె మంచిది. యూరియా సంచి ప్లాస్టిక్కుది, లోపల చెమట నిలిచి మేలుకు బదులు కీడు చేయును. కప్పిన గోనెను ఎండ రాగానే తీసి ఆరవేయవలెను. రాత్రి తడిసిన గోనెను మరల రాత్రికి కప్పుట కన్న ఏమియు కప్పకుండుట మేలు.

కడుపు సంగతి అందరికిని తెలిసినదే గాని ఆచరణలో తప్పుచున్నాము. పుట్టిన దూడకు రెండు గంటల లోపల జున్నుపాలు పట్టవలెను, మొదటి దినమున దాని బరువులో పదవ వంతు. 30 కిలోల దూడకు మూడు లీటర్లు. మాయ పడువరకు పాలు పిండరాదని ఆగుట పాత అలవాటు, ఆ అలవాటు వలన పోయిన దూడలు చలి వలన పోయినవాని కన్న తక్కువ కావు. గట్టి చలి రాత్రులలో పాలు అర లీటరు ఎక్కువ విడువవలెను. బెల్లము పెట్టుట తప్పు కాదు గాని పాలకు బదులు కాదు. పెద్ద బర్రెలకు సాయంకాలము ఎండుగడ్డి ఎక్కువగా వేసినచో అది రాత్రంతయు పొట్టలో మాగుచు వేడినిచ్చును.

నిజముగా బయటి వేడి కావలసినవి కోడిపిల్లలు. వాటి విషయమున నా మాట వేరు. మొదటి వారము వాటికి సుమారు 35 డిగ్రీలు కావలెను, తరువాత వారమునకు మూడు డిగ్రీల చొప్పున తగ్గించవచ్చును. పిల్లకు ఒకటి రెండు వాట్ల లెక్కన బల్బులు వేలాడదీయుట వాడుక. ఈ మధ్య పాత బల్బులు మాడిపోగా ఎల్.ఇ.డి. బల్బులు పెట్టి, వెలుతురున్నది గదా యని ఊరకుండి, తెల్లవారి గుట్టగా చచ్చిన పిల్లలను చూచినవారు ఉన్నారు. ఎల్.ఇ.డి. వెలుతురునిచ్చును గాని వేడినిచ్చుట బహు తక్కువ. వేడినిచ్చు బల్బునే అడిగి కొనవలెను. పిల్లలన్నియు బల్బు కింద ఒక్కచోట గుంపుగూడినచో వేడి చాలలేదు, గోడలకు పోయి నోరు తెరచినచో ఎక్కువైనది. విద్యుత్తు పోయినప్పటికి ఊకపొయ్యి పెట్టుకొనువారు పొయ్యి గది బయట ఉంచి గొట్టము మాత్రమే లోపలినుండి పోనిచ్చి పొగను బయటకు విడువవలెను.

ఇక గ్రామాధికారులతో రెండు మాటలు. బోధన్ చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడకముందు ఈ ప్రాంతమున చెరకు ఎక్కువ, ఇప్పుడు వరి, సోయా పెరిగినవి. వరిని యంత్రముతో కోయించుచున్నాము. గడ్డి మడిలో చెల్లాచెదరుగా పడుచున్నది, ఏరుటకు కూలీలు దొరకక నిప్పు పెట్టుచున్నాము. నవంబరులో గడ్డిని పొలమున కాల్చిన రైతే జనవరిలో బొగ్గు బస్తా కొని దూడ దగ్గర కాల్చుట నేను కన్నులార చూచితిని. కాలినది రెండుసార్లు, వెచ్చబడినది ఒక్కసారియు లేదు. గడ్డికట్టలు కట్టు యంత్రము ఊరికి ఒక వారము వచ్చినను ఆ ఏటి పడకకు, మేతకు కావలసినంత మిగులును. నలుగురు రైతులు కలసి దానిని ముందుగా మాట్లాడుకొనుటకు వ్యవసాయ విస్తరణాధికారి రైతువేదికలో కూర్చుండబెట్టవలసినది అక్టోబరులో గాని, పొలములు కాలిన తరువాత కాదు.

2005 నాటి ఉపాధి హామీ చట్టము కింద ఎన్నో గ్రామములలో పశువుల కొట్టములు కట్టినారు. మంచి పని. కాని నేను చూచినవాటిలో పెద్ద పశువుకు తొట్టి ఉన్నది, మూత్రపు కాలువ ఉన్నది, దూడకు మూల లేదు. ఇకముందు కొట్టము మంజూరు చేయువారు, ఏ పథకము కింద నైనను, ఉత్తరపు వైపు రొమ్ము ఎత్తు గోడ, ఒక మూల గచ్చు వేయని ఆరడుగుల మట్టినేల కూడ చేర్చవలెనని నా కోరిక. గచ్చు వేయకున్న ఖర్చు తగ్గునే గాని పెరుగదు. పంచాయతీ కార్యదర్శులు, పశువైద్యశాల వారు ఈ మాట కొలతల పుస్తకము వ్రాయకముందే చెప్పవలెను. గచ్చు గట్టిపడిన తరువాత చెప్పినచో వినువారు ఉండరు.

మా గదిలో ఇప్పుడు ట్రాలీకి చోటు లేదు. దానిని బయట చింతచెట్టు కింద టార్పాలిను కప్పి నిలిపితిమి. అది ఉన్న చోట వరిగడ్డి కట్టలు పేర్చినాము, వాటి పక్కననే దుడ్డెల పందిరి. పెద్దమ్మ అప్పుడప్పుడు వచ్చి మోకాలు ఆనించి చూచి పోవుచుండును.